మిట్టమధ్యాహ్నపు రైలు

సంఘ పత్రికలో తుపాకుల సినిమా ప్రస్తావన ఏమిటని పెద్దలు కొందరు నొచ్చుకోవచ్చు. నేనూ ఒకప్పుడు అలా అనేవాణ్ణే. కౌబాయ్ అంటే నాకు తెలిసింది 1971లో వచ్చిన కృష్ణగారి ‘మోసగాళ్ళకు మోసగాడు’ ఒక్కటే. అదీ నాన్నగారికి తెలియకుండా చూసినది. అయితే కొన్నేళ్ళ క్రితం మా అబ్బాయి ఇంట్లో ‘హై నూన్’ అనే అమెరికా చిత్రం చూశాను. 1952 నాటిది, నలుపు తెలుపు. అందులోని దేవాలయపు ఘట్టం ఈనాటికీ నన్ను వదలలేదు.

విల్ కేన్ ఒక చిన్న ఊరికి మార్షల్, అంటే శాంతిభద్రతలు చూసే అధికారి. ఆ ఉదయమే పెండ్లి చేసుకొని, ఉద్యోగం విడిచి భార్యతో వెళ్ళిపోతున్నాడు. తాను పట్టించిన ఫ్రాంక్ మిల్లర్ విడుదలై పన్నెండు గంటల రైలుకు దిగుతున్నాడని, ముగ్గురు అనుచరులు స్టేషనులో కాచుకొని ఉన్నారని కబురు వస్తుంది. ఊరివాళ్ళే కేన్‌ను తొందరపెట్టి బండిలో పంపించేస్తారు. కొంతదూరం పోయాక ఆయన బండి వెనక్కు త్రిప్పుతాడు.

ఆ వేషం వేసిన గ్యారీ కూపర్‌కు అప్పటికి యాభై యేండ్లు. ముఖం నిండా అలసట. సాయం కోసం ఆయన ఇల్లిల్లూ తిరుగుతాడు. ఒక స్నేహితుడు లోపల ఉండి కూడా లేడని భార్యచేత చెప్పిస్తాడు. చివరికి కేన్ ఒంటరిగా కూర్చొని వీలునామా వ్రాసుకుంటాడు. అతనికి భయమే, దాన్ని దాచుకోడు. ఇన్నేళ్ళయినా జనం ఈ చిత్రం చూస్తున్నారంటే కారణం ఇదేనని నాకు తోస్తుంది. మోషే నా వల్ల కాదన్నాడు, గిద్యోను గానుగచాటున గోధుమలు దుళ్ళగొట్టుకుంటున్నాడు. వెనుకాడినవారిని మనం బైబిలులో ఎరుగుదుము గదా!

ఇక ఆ ఘట్టం. ఆదివారం ఆరాధన జరుగుతుండగా కేన్ లోపలికి వచ్చి మనుషులు కావాలని అడుగుతాడు. ఎప్పుడూ గుడికి రానివాడివి గదా అని బోధకుడు ముందు దెప్పుతాడు. కొందరు లేస్తారు, ఇంకొకరు ఆపుతారు. పిల్లలను బయటికి పంపి చర్చ పెడతారు. పన్నులు కడుతున్నాము గదా అని ఒకరంటారు. చంపుమని, చావుమని నా సంఘానికి ఎలా చెప్పను అంటూ బోధకుడు చేతులెత్తేస్తాడు. ఆఖరున ఊరి పెద్ద లేచి కేన్‌ను ఎంతో పొగిడి, వీధిలో కాల్పులు జరిగితే ఊరికి రావలసిన పెట్టుబడులు రావు గనుక వెళ్ళిపోవడమే మేలంటాడు. కేన్ ఒక్క మాటలో కృతజ్ఞత చెప్పి బయటికి నడుస్తాడు.

ఈ కథ వ్రాసిన కార్ల్ ఫోర్‌మన్‌ను 1951లో, కమ్యూనిస్టుల ఆచూకీ తీస్తున్న అమెరికా పార్లమెంటు సంఘం విచారణకు పిలిచింది. తెలిసినవారు ముఖం చాటేయడం ఆయన స్వయంగా అనుభవించినదే.

చిత్రం చివర తుపాకితోనే తీర్పు జరుగుతుంది. హింస పనికిరాదని నమ్మే క్వేకరు భక్తురాలైన భార్య కూడా భర్తను కాపాడడానికి కాల్చవలసి వస్తుంది. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. కాని ఆ రాత్రి నాకు నిద్ర పట్టకపోవడానికి కారణం అది కాదు.

1994లో మా ఊరి సమాధుల తోటలోకి ప్రక్క పొలంవారు గట్టు జరుపుకుంటూ వచ్చారు. మాలో సగం ఇళ్ళకు కూలి దొరికేది వారి దగ్గరే. మా సంఘ పెద్ద ఒకాయన, గట్టిగా మాట్లాడటం కూడా ఎరుగని మనిషి, ఆరాధన అయ్యాక నిలబడి, “మండలాఫీసులో అర్జీ ఇద్దాం, ఇద్దరు నాతో రండయ్యా” అన్నాడు. చేతిలో కాగితం వణుకుతున్నది. నేనే లేచి ఆయన భక్తిని, సేవను పొగిడాను. “కోతలైపోనివ్వండి తాతగారూ, ఇప్పుడు గొడవెందుకు” అన్నాను. అందరూ తలలూపారు.

మరునాడు ఆయన ఒక్కడే బస్సెక్కాడు. చాలాసార్లు తిరిగాడు. సగం స్థలం దక్కింది. 2003లో ఆయన ప్రభువునందు నిద్రించినప్పుడు అక్కడే సమాధి చేశాము. ప్రతి ఈస్టరుకు ముందు ఆ సమాధికి సున్నం వేసేది నేనే. మా అబ్బాయి ఎందుకని అడిగితే, దగ్గరలో ఉంది గదా అని చెప్పాను.