గూబ కూత

రాత్రి భోజనములైన పిదప వంటపాత్రలు కడిగి బోర్లించి, కొరియాదేశపు ధారావాహికలను తెలుగు మాటలతో జూచుట మా యింటి స్త్రీలకు కొంతకాలముగా నలవాటైనది. మాది ఎమ్మిగనూరు, 1938లో మాచాని సోమప్పగారి పూనికచే నేతగాండ్ర సహకార సంఘము వెలసిన యూరు. ఆ నాటకములలో మాకొక సంగతి వింతగా దోచినది. తెరమీద రాత్రియైనచో తరచుగా నెక్కడనో యొక గూబ కూయును. పెరటిలో నిరువురు మాటలాడుకొనుచున్నను, తల్లి దీపముకడ కూర్చుండి బిడ్డను తలచుకొనుచున్నను ఆ కూత వినవచ్చును. అందులోని వారెవ్వరును ఉలికిపడరు, తలుపులు మూయరు. మా అత్తగారు మాత్రము "ఆ కూత ఇంట్లో వినపడగూడదు, శబ్దం తగ్గించండమ్మా" యందురు.

ఈ కూత నాటకము తీయుచున్నపుడే పలికినది కానక్కరలేదు. చిత్రము తీయుచోట బండ్ల రొదయు జనుల సందడియు నుండును. కావున శబ్దములను కూర్చువారు పిమ్మట వానిని తగ్గించి, ముందుగా పట్టి దాచుకొన్న కీచురాళ్ళ రొదను, గూబ కూతను చేర్చుదురు. ఒక్క కూతతో రాత్రియైనదనియు, ఊరు సద్దుమణగినదనియు చూచువారికి దెలియును. మన దయ్యముల సినిమాలలో భయము పుట్టించుటకు వాడెడి శబ్దమునే వారు నెమ్మదిని సూచించుటకు వాడుచున్నారు.

కొరియావారి పల్లె రాత్రులతో మిక్కిలి పెనవేసికొన్న పిట్ట 'సొజ్జొక్' అను చిన్న గూబ. అది జానెడు పిట్ట. ఏప్రిలు ప్రాంతమున ఆ దేశమునకు వచ్చి, చలికాలమునకు ముందే దక్షిణమునకు తరలిపోవును. మంచు కురియు దృశ్యమున నది కూసినచో శబ్దము కూర్చినవారు ఋతువు మరచిరని మనము గుర్తింపవచ్చును. 1982లో కొరియా ప్రభుత్వము దీనిని మరికొన్ని గూబలతోపాటు ప్రకృతి స్మారకముగా నెంచి రక్షణ కల్పించినది. ఈ జాతి పిట్ట మన దేశపు టడవులలోను గలదు.

దాని పేరునకు వారొక కథ చెప్పుదురు. కోడలనిన గిట్టని యొక యత్త ఆమెకు మిగుల చిన్నకుండ నిచ్చి యందులోనే యన్నము వండుమనెడిదట. అందరికిని వడ్డించునప్పటికి కుండ యడుగు కనబడును. కోడలికి మెతుకు మిగులదు. అట్లు పస్తులతో కృశించి మరణించిన యామె పిట్టయై, 'సొత్ జొక్తా', అనగా 'కుండ చిన్నది' యని రాత్రులయందు మొరపెట్టుచున్నదట. 1876–78 నాటి కరువు, ఆదోని తాలూకా చేరియున్న అప్పటి బళ్ళారి జిల్లాను దారుణముగా పీడించినది. అట్టి సీమవారమగు మాకు కుండ చిన్నదను మాట విప్పి చెప్పనక్కరలేదు. కడపట తిను కోడలి సంగతి యంతకన్న చెప్పనక్కరలేదు. మేమీ కథ వినిపింపగా మా అత్తగారు కొంతసేపూరకుండి, "మరి ఆ అత్త ఏ పిట్ట అయిందో!" యనిరి.

మనవారి భయమునకును ప్రాచీనమగు మూలములు గలవు. భారతమున సౌప్తికపర్వమందు, నిద్రించు కాకులను గూబ చంపుట చూచియే యశ్వత్థామకు రాత్రివేళ శత్రువులను వధింపవలెనను తలంపు పుట్టినది. అయినను వంగదేశమున నదే పక్షిని లక్ష్మీదేవి వాహనముగా పూజించుచున్నారు. ధాన్యమున్నచోట నెలుకలును, ఎలుకలున్నచోట గూబయు నుండుట యెల్లరెరిగినదే కదా! మా వేరుసెనగ చేలలో నెలుకల బాధ యెరిగిన రైతునకు దానికన్న మేలైన కాపరి దొరకదు. ఇక రోగియున్న యింటిచెంత గూబ కూయుట కొక కారణము కలదు. ఆ యింట రాత్రియెల్ల దీపముండును. దీపమునకు పురుగులు మూగును. పురుగులకై పైడికంటి వచ్చును. అది చావును పిలువవచ్చినది కాదు, ఆకలి తీర్చుకొనవచ్చినది.

ఇది పిట్ట సంగతి మాత్రమే యైనచో మేమింత వ్రాయము. మా చిన్ననాడు మా వీధిలో నొక యింటికి కొత్తకోడలు వచ్చిన నెలలోనే యింటిపై గూబ వ్రాలినది. పిమ్మట కొలదిదినములకు చిరకాలరోగియగు మామగారు గతించిరి. 'కోడలొచ్చిన వేళ, గొడ్డొచ్చిన వేళ' యను సామెత యుండనేయున్నది. గూబ యెగిరిపోయినది, నింద కోడలిపై నిలిచినది. ఏండ్లతరబడి శుభకార్యములలో నామెను ముందునకు రానీయకుండుట మేమెరుగుదుము. ఆమె యెన్నడును ఎదురు చెప్పలేదు.

పిట్టకును ఇట్టి కష్టమే ప్రాప్తించినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము గూబలను పట్టుటను, అమ్ముటను నిషేధించినను, క్షుద్రపూజలకై దీపావళి దినములలో వానిని రహస్యముగా విక్రయించుచున్నారు. అశుభమని యొకరు రాళ్ళు రువ్వుదురు. మహిమ గలదని యొకరు బలియిత్తురు. దానిని దానిమానమున బ్రతుకనిచ్చువారు తక్కువ.

కావున సోదరీమణులారా, ఇంటిచూరుపై గూబ వ్రాలినచో రాయి యెత్తకుడు. పిల్లలకు దానిని చూపి, అది యెలుకలను తిను పిట్టయని చెప్పుడు. ఆ దినములలో నింట నెవరికైన నాపద కలిగినచో వైద్యుని పిలువుడు గాని, కొత్తగా వచ్చిన పడుచు మొగము వంక చూడకుడు. గూబ కూసిన రాత్రి శాంతి చేయింపవలెనని తోచినచో, ముందుగా వంటయింటిలోనికి పోయి, కడపట తిను కోడలికి కుండలో నన్నము మిగిలినదో లేదో చూచుట మేలు.