పెట్టెల ఉన్న పసిగుడ్డుకు యాడి గొంతు

పోస్టు కొంచెం పొడుగే. ఇంట్ల కడుపుతోని ఉన్న అక్కో వదినో ఉంటే మాత్రం చివరిదాకా చదవండి.

దేవరకొండ, చందంపేట దిక్కు తండాల నుంచి కష్టమైన కాన్పు అంటే మనోళ్లు నల్లగొండకో, నార్కట్‌పల్లి మెడికల్ కాలేజీ ఆస్పత్రికో పోతరు. 37 వారాలు నిండకముందే పుట్టి, బరువు తక్కువున్న బిడ్డను ఎన్ఐసీయూల పెడతరు. బిడ్డ లోపల పెట్టెల, యాడి వార్డుల, నాయనమ్మ బయట మెట్ల మీద. రక్తం ఇయ్యనీకి, ఫారాలు నింపనీకి పోయినప్పుడల్లా మేం చూసేది ఇదే. లోపలికి పిలిచినా యాడి పెట్టె పక్కన మూగగ నిలబడతది. తండాల గలగల మాట్లాడే మనిషే. ఇక్కడ గోర్‌బోలి మాట్లాడితే ఎవరేమనుకుంటరో అని జంకు.

ఆరో నెల దాటేసరికే కడుపులో బిడ్డకు చప్పుళ్లు వినబడతాయి. యాడి గుండె చప్పుడు, ఆమె మాట వింటూ పెరుగుతుంది. ముందే బయటపడితే అవి పోయి మిషన్ల బీప్‌లు, అలారాలు వచ్చిపడతాయి.

2013లో పీడియాట్రిక్స్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. న్యూయార్క్‌కు చెందిన జోఆన్ లోవీ బృందం 11 ఆస్పత్రుల్లో 272 మంది నెలలు నిండని పిల్లలకు సంగీతం వినిపించింది. రికార్డు కాదు, పక్కనే ఉండి పాడిందే. లాలిపాట వింటున్నప్పుడు పిల్లల గుండె వేగం తగ్గింది. అమ్మానాన్నలు తమకు నచ్చిందని ఎంచుకున్న పాటైతే పాలు తాగడం కూడా మెరుగైంది. తల్లిదండ్రుల ఆందోళన తగ్గింది. మాకు నచ్చిన ముచ్చట గదే: గొప్ప రాగం అక్కర్లేదు, ఇంటి పాట చాలు. మన నాయనమ్మల దగ్గర అవి ఎన్ని లేవు!

అట్లని పాట మందు కాదు. అయిదు దేశాల్లో చేసి 2023లో ప్రచురించిన ఇంకో పరిశోధనలో, మ్యూజిక్ థెరపీ వల్ల తల్లీబిడ్డల అనుబంధంలో తేడా ఏమీ కనిపించలేదు. ఆక్సిజన్, పాలు, వెచ్చదనం ముందు. బిడ్డను రొమ్ముకు ఆనించి పడుకోబెట్టుకునే కంగారూ పద్ధతి 1978లో కొలంబియాలోని బొగొటాలో మొదలైంది. పుట్టిన వెంటనే మొదలుపెట్టమని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. పాటకు అంతకన్నా మంచి టైం లేదు, పైసా ఖర్చు లేదు.

ఫోన్ల పాట పెట్టి పెట్టె మీద పెట్టుడు మాత్రం వద్దు. ఆ వార్డుల్లో చప్పుడు 45 డెసిబెల్స్ దాటకూడదంటారు, మన మామూలు మాటే 60 దాకా ఉంటది. గుసగుసకు కొంచెం పైన, ఒక్క గొంతు, కొద్దిసేపు. బిడ్డ ముఖం చిట్లించినా, చేతులు చాపి బిగదీసినా ఆపేయాలె.

అడగాల్సింది ఒక్క మాటే: "సిస్టర్, బిడ్డ నిమ్మళంగ ఉన్నప్పుడు చెప్పండి, రెండు నిమిషాలు చిన్నగ పాడుకుంట." తెలుగుల అడగనీకి యాడి జంకితే, ఆ మాట మనం అడుగుదాం. పాట మాత్రం ఆమె గోర్‌బోలిలనే పాడుకోనీయండి.