గుడి లేని తీర్థం

జగ్గన్నతోట కోనసీమలో అంబాజీపేట మండలం మొసలపల్లి శివారున ఉన్న కొబ్బరితోట. అక్కడ గుడి లేదు, గోపురం లేదు, ధ్వజస్తంభమూ లేదు. ఏడాది పొడుగునా అది కాయలు దింపుకునే తోటే. కనుమ నాడు మాత్రం పదకొండు ఊళ్ల శివుళ్లు అక్కడికి తరలివస్తారు, వాళ్ల వెనకే కోనసీమా కదిలివస్తుంది. సముద్రతీర మండలమైన అల్లవరం వైపు నుంచి కూడా జనం వస్తారు.

కోనసీమలో పదిమందీ చేరడానికి ఖాళీ నేల దొరకడం కష్టం. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి కాలువలు పారాక నేలంతా సార్వా, దాళ్వా వరికి పోయింది; మెరకలు కొబ్బరికి, అరటికి పోయాయి. ఆ ఆనకట్ట పని మొదలైన 1847లోనే ఇంగ్లండులోని బర్కెన్‌హెడ్‌లో ప్రజాధనంతో కట్టిన పార్కును అందరికీ తెరిచారు. పట్టణాల్లో పార్కులకు అది ఒరవడి అయింది. కోనసీమ పల్లెలకు అలాంటి పార్కు అవసరం పడలేదు. కొబ్బరిచెట్ల మధ్య నేల ఎలాగూ తెరపిగా ఉంటుంది, నీడ ఉండనే ఉంది. జగ్గన్నతోట తీర్థం నాలుగు వందల ఏళ్ల నాటిదని స్థానికుల మాట.

వ్యాఘ్రేశ్వరం, పుల్లేటికుర్రు, మొసలపల్లి, ఇరుసుమండ, వక్కలంక, నేదునూరు, ముక్కామల, పాలగుమ్మి, పెదపూడి, గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం: ఈ ఊళ్ల దేవుళ్లనే ఏకాదశ రుద్రులంటారు. వీరిలో చెన్నమల్లేశ్వరులే ముగ్గురు; నేదునూరు, పాలగుమ్మి, గంగలకుర్రు ఎవరి మల్లేశ్వరుణ్ణి వారే మోసుకొస్తారు. లోకకల్యాణం కోసం ఏడాదికోసారి రుద్రులు ఇక్కడ సమావేశమవుతారని నమ్మకం. సమావేశమన్నాక మర్యాదలుండాలి కదా. ఆతిథ్యమిచ్చే మొసలపల్లి మధుమానంత భోగేశ్వరుడు అందరికంటే ముందు వచ్చి, అందరినీ సాగనంపాకే కదులుతాడు. అధ్యక్షత వ్యాఘ్రేశ్వరుడిది. ఆయన ప్రభ తోటలో అడుగుపెట్టగానే మిగతా ఊళ్లవాళ్లు తమ ప్రభలను ఒక్కసారి పైకెత్తి గౌరవం చూపుతారు. రాసిపెట్టిన నిబంధనలతో నడిచే సంఘాల్లో సైతం ఇంత క్రమం అరుదు.

ప్రభంటే అర్ధచంద్రాకారంలో నిలబెట్టిన వెదురు చట్రం. దాన్ని బలమైన దూలాలకు బిగించి, రంగురంగుల కొత్త బట్టలు చుట్టి, నెమలి ఈకలు, వరికంకులు, పూలతో అలంకరించి, నడుమ ఉత్సవ విగ్రహాన్ని ఉంచుతారు. ఈ తీర్థానికి వచ్చే ప్రభలను బండెక్కించరు, భుజాల మీదే మోస్తారు. అందుకు ఊళ్లో కుర్రాళ్లంతా కావాలి. చదువులకూ ఉద్యోగాలకూ పైఊళ్లకు వెళ్లినవాళ్లు సంక్రాంతికి ఇంటికి చేరడానికి ఇదీ ఒక కారణమే.

దారి తిన్నగా ఉండదు. ప్రభ వరిచేలకు అడ్డంపడి నడుస్తుంది. చేను తొక్కుడు పడ్డా రైతు కోప్పడడు సరికదా, తన చేలోంచి దేవుడు నడిస్తే పంట బాగుంటుందని సంతోషిస్తాడు. గంగలకుర్రు, అగ్రహారం ప్రభలకు ఇంకో పరీక్ష ఉంది: దారిలో కౌశిక కాలువ అడ్డొస్తుంది. నీళ్లలో దిగి, ప్రభ ఒరిగిపోకుండా మోకులు పట్టి, ‘శరభ శరభ’ అని కేకలు పెడుతూ అవతలి గట్టుకు చేరుస్తారు. తీర్థానికి వచ్చినవాళ్లలో సగంమంది చూడాలనుకునేది ఈ ఘట్టాన్నే.

తోటలో మిగతాదంతా సంత. జీళ్లు, ఖర్జూరం, పిల్లల బొమ్మలు, రంగులరాట్నం. పండక్కి అత్తారింటికొచ్చిన కొత్త అల్లుళ్లను ఊరికి చూపించడం కూడా ఇక్కడే జరిగిపోతుంది. కోనసీమలో ప్రభల తీర్థాలు ఇంకా చాలా ఉన్నాయి. కొత్తపేటది బాణసంచాకు పేరుపడింది. ఊళ్లన్నిటినీ ఒక్కచోట కూర్చోబెట్టేది మాత్రం జగ్గన్నతోటే.

2023 గణతంత్ర దినోత్సవంలో ఆంధ్రప్రదేశ్ శకటానికి ప్రభల తీర్థాన్నే ఇతివృత్తంగా తీసుకున్నారు. కోనసీమలో భుజాలు దిగని ప్రభ ఢిల్లీలో చక్రాల మీద వెళ్లింది.