లేపాక్షిలో రెండు చిన్న కెమెరాలు

హిందూపురమునకు సుమారు 15 కిలోమీటర్ల దూరముననున్న లేపాక్షికి మేము గత మార్గశిరమాసమున పోయితిమి. మా అత్తగారును వెంట వచ్చిరి. మెడనొప్పిచే ఆమె తలయెత్తి పైకి చూడజాలరు. లేపాక్షి వైభవమో, సగము పైకప్పుననే యున్నది! అందుచేత జేబులో నిముడునట్టి రెండు డిజిటల్ కెమెరాలను తీసికొని పోయితిమి. ఒకటి మాది, రెండవది పొరుగింటివారిది. రెండును తక్కువ వెలవే. మా ఫోనులో దూరపు వస్తువును దగ్గఱగా చూపు కటకము లేదు.

ఊరిలో మొదట దర్శనమిచ్చునది ఏకశిలానంది. సుమారు 27 అడుగుల పొడవు, 15 అడుగుల యెత్తు. మా కెమెరా 16 మెగాపిక్సెళ్లది. అనగా బొమ్మను కోటి యఱువది లక్షల చుక్కలుగా గ్రహించును. జూము 5 రెట్లు. పొరుగువారిది రెండు కోట్ల చుక్కలది. జూము 8 రెట్లు. ఎండలో రెండు బొమ్మలకును భేదమే కనబడలేదు. నంది మెడలోని గంటలను దగ్గఱగా తీయుటలో మాత్రము 8 రెట్లదే మేలయ్యెను. ఇది కటకము ముందుకు జరుగు జూము మాట. డిజిటల్ జూము అనునది బొమ్మనడిమి ముక్కను కత్తిరించి పెద్దచేయుట మాత్రమే. దానివలన క్రొత్త వివర మేమియు రాదు.

అచ్యుతదేవరాయల కాలమున (1529–1542) విరూపణ్ణ, వీరణ్ణ యను సోదరులు కట్టించిరని చెప్పబడు వీరభద్రాలయములోనికి పోగానే వెలుతురు తగ్గినది. పైకప్పున గిరిజాకల్యాణము, కిరాతార్జునీయము మొదలగు చిత్రములు; అందలి స్త్రీల చీరల యంచులు, కొప్పుల తీరులు చూచి తీరవలసినవే. వర్ణములకు హాని కలుగకుండుటకై ఫ్లాషు వేయలేదు. చేతబట్టి తీయగా మా కెమెరాబొమ్మ కొంత తేటగా వచ్చినది. రెండు కోట్ల చుక్కలదానిలో మసకయే మిగిలినది!

కారణ మేమనగా, వెలుతురు తక్కువైనచోట షట్టరు ఎక్కువసేపు తెఱచియుండును. ఆ లోపల చేయి కదలినచో బొమ్మ అలుకుకొనిపోవును. మాదానిలో చేతివణకును సరిదిద్దు ఏర్పాటు కటకముననే కలదు, రెండవదానిలో లేదు. ఇక చుక్కల సంఖ్య యిచ్చట అక్కఱకు రాదు. రెండింటిలోను వెలుతురును గ్రహించు ఫలకము సుమారు 6.2 మిల్లీమీటర్ల వెడల్పు, 4.6 మిల్లీమీటర్ల యెత్తు మాత్రమే. పాత ఫిలుముగడి 36 × 24 మిల్లీమీటర్లు. వైశాల్యమున దీనికి ముప్పదిరెట్లు. ఇంత యిఱుకుచోట చుక్కలు పెరిగినకొలది ఒక్కొక్కదానికి దక్కు వెలుతురు తగ్గును.

మేము విసిగి నిలుచుండగా, నేలపై కూర్చున్న అత్తగారు, "అమ్మాయీ, చేతులు వణికితే దాన్ని నేలమీదనే పడుకోబెట్టరాదా?" అనిరి. ఆమె శాలువనే మడతపెట్టి, దానిమీద కెమెరాను వెల్లకిల నుంచి, 2 సెకనుల టైమరు పెట్టి, మీట నొక్కి చేయి తీసితిమి. ఈమారు రెండింటి బొమ్మలును తేటగా వచ్చినవి.

కావున కొనదలచిన సోదరీమణులు మెగాపిక్సెళ్ల లెక్కకు మురియక, వణకును సరిదిద్దు ఏర్పాటు కటకమున కలదా, కటకముతో చేయు జూము ఎన్ని రెట్లు అని ముందుగా అడుగవలెను. అంగడిలో వెలుగున గాక, ఒక మూల నీడలో నిలిచి బొమ్మ తీసి చూడవలెను. ఇంటనున్న పాతదానిని మాత్రము తొందరపడి పాఱవేయరాదు; ఆనుకొనుటకొక చోటు దొరికిన అదియు పనికివచ్చును.

అత్తగారు కెమెరాతెరను ఒడిలో పెట్టుకొని, తల వంచి, పైకప్పును చూచిరి. "ఇదిగో, గౌరమ్మవారి పెండ్లి! ఈ చెలికత్తె చీర చూడు. మా అమ్మకు ఇట్లాంటి అంచు చీరే ఉండేది" అనిరి. తరువాత చాలసేపు మాటలాడలేదు. మేమును తొందరపెట్టలేదు.