టిఫిన్ డబ్బా

రాత్రి మా అబ్బాయి టిఫిన్ డబ్బా కడుగుదామని మూత తీశాను. అడుగున నాలుగు పెరుగన్నం మెతుకులు, ఎండిన కరివేపాకు రెబ్బ.

హిరోషిమా మ్యూజియంలో ఇలాంటి డబ్బా ఒకటుంది. 1945 ఆగస్టు 6 పొద్దున్న ఎనిమిదింబావుకి అణుబాంబు పేలింది. ఇళ్లు పడగొట్టే పనికి పంపిన ఏడో తరగతి ఈడు పిల్లాడు ఇంటికి రాలేదు. వెతుక్కుంటూ వెళ్లిన తల్లికి వాడి ఒంటికింద దొరికింది ఆ డబ్బా. తెల్లారి తను సర్దిన అన్నమంతా బొగ్గు. ఫొటోలో చూసి చాలాసేపు పేజీ తిప్పలేకపోయాను.

విశాఖ ఉక్కునగరం వాళ్లకి వేడి సంగతి చెప్పక్కర్లేదు. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ... మన బ్లాస్ట్ ఫర్నేసులకి ఎంత చల్లని పేర్లు! ఇనుము కరగడానికి 1,538 డిగ్రీలు చాలు. ఆ పొద్దున బాంబు కింద నేల 3,000 డిగ్రీలు దాటింది. ఏడాది తిరక్కుండానే, డిసెంబరు నాటికి దాదాపు 1,40,000 మంది పోయారు.

1942 ఏప్రిల్ 6న విశాఖ మీద బాంబులు వేసినవీ జపాన్ విమానాలే. అది తెలిసినా ఆ తల్లి మీద నాకు పగ పుట్టదు. అణు జలాంతర్గామి అరిహంత్ 2009లో నీళ్లలోకి దిగింది ఈ తీరాన్నే. అందుకే సముద్రం హోరు వింటూ పడుకునే మనం ఆ డబ్బాని మరిచిపోకూడదు.

కడిగి బోర్లించాను. పొద్దున్న ఏడున్నరకి స్కూలు బస్సు.