బరువైన బండికి బలమైన యంత్రం

మధ్య అండమాన్ దీవిలోని రంగత్‌కు చేరే ప్రతి ఇనుప వస్తువూ సముద్రం దాటి వచ్చినదే. మేకు మొదలు మోటారు వరకు అన్నీ చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం రేవులలో ఓడ ఎక్కి, సుమారు 1200 కిలోమీటర్ల నీటిని గడచి, 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురమని పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్‌లో దిగుతాయి. అక్కడి నుండి అండమాన్ ట్రంక్ రోడ్డు మీద మరి 170 కిలోమీటర్లు ప్రయాణం. 1970లలో పని ఆరంభించి, అడవిని చీల్చుకుంటూ సాగిన ఈ మార్గంలో దశాబ్దాల తరబడి వాహనాలను బార్జిల మీద సముద్రపు పాయలు దాటించవలసి వచ్చింది. ఇట్టి చోట ఒక పిస్టను రింగు విరిగితే పక్క వీధికి పరుగెత్తి కొత్తది తేవడం జరిగే పని కాదు. యంత్రాన్ని గురించి ఇక్కడి వారికి గల గౌరవంలో సగం ఈ దూరం నుండి పుట్టినదే.

1950ల దశకంలో తూర్పు బెంగాలు నుండి వచ్చిన నిర్వాసిత కుటుంబాలు అడవిని నరికి రంగత్‌లో కాపురాలు పెట్టాయి. తరువాతి కాలంలో తమిళులు, తెలుగువారు కూడ దీవులకు తరలివచ్చారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవులలో నూటికి పదముగ్గురి మాతృభాష తెలుగు. వీరిలో శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుండి వచ్చినవారు అనేకులు. అట్టి ఇంటి పెద్ద ఒకడు రంగత్‌లో ఉన్నాడనీ, అతనికి తండ్రి నుండి సంక్రమించిన పాత అంబాసిడర్ కారు ఒకటి ఉన్నదనీ అనుకోండి. రేకు దిట్టంగా ఉన్నది. ఇంజను మాత్రం అలసిపోయింది. ఎత్తు వచ్చినచోట రెండవ గేరులో మూలుగుతూ ఎక్కుతుంది. ఆ గృహస్థు ఏదో ఒక పాత అమెరికన్ చలనచిత్రంలో పెద్ద కారు గర్జించడం విన్నాడు. అట్టి యంత్రాన్ని తన బండిలో నిలపాలని కోరిక కలిగింది. అందుకు ధారపోయవలసినది ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్ము. ఆ బండిలో కూర్చునేది భార్యాబిడ్డలు. కనుక ఈ కోరికను నవ్వి తోసివేయరాదు, కన్నుమూసి తీర్చనూ రాదు.

అమెరికన్లు ‘బిగ్ బ్లాక్’ అని పిలిచే ఇంజను కేవలం పెద్ద ఇంజను కాదు. పెద్ద పోతపోసిన దిమ్మె. షెవర్లే కంపెనీవారి చిన్న దిమ్మెలో ఒక సిలిండరు నడిమి నుండి పక్క సిలిండరు నడిమికి దూరం 4.40 అంగుళాలు, పెద్ద దిమ్మెలో 4.84 అంగుళాలు. తేడా అర అంగుళమైనా లేదు. కాని ఆ కొద్ది జాగాలోనే వెడల్పైన పిస్టనుకూ, పెద్ద వాల్వులకూ, సిలిండరు చుట్టూ తిరిగే నీటికీ చోటు దొరికింది. 1965లో 396 ఘనపు అంగుళాలతో మొదలైన ఆ దిమ్మె 1970 నాటికి 454కు పెరిగింది. బోరు నాలుగుంబావు అంగుళాలు, పిస్టను నడక నాలుగు అంగుళాలు, సిలిండర్లు ఎనిమిది. బడిపిల్లవాడైనా గుణించి చూడవచ్చు. లీటర్లలో అది 7.4. అంబాసిడర్ ఇంజనులో బోరు 73 మిల్లీమీటర్లు, నడక 88.9, సిలిండర్లు నాలుగు. మొత్తం 1489 ఘనపు సెంటీమీటర్లు, అనగా లీటరున్నర. ఒక అమెరికన్ ఇంజను కడుపులో ఐదు అంబాసిడర్లు ఇముడుతాయి.

అంత కడుపు వారికెందుకు వచ్చింది? బండ్లు బరువైనవి, రోడ్లు తిన్ననివి, పెట్రోలు చౌక. 1970 నాటి షెవెల్ కారు 1700 కిలోలకు పైబడినది. కాడిలాక్ ఎల్డొరాడో రెండు టన్నులు దాటినది. అంతటి బరువును నిలిచినచోటి నుండి కదిలించడానికి కావలసినది మెలితిప్పే శక్తి. మోటారు పనివారు దీనిని టార్కు అంటారు. ఆ ఏటి షెవెల్‌కు అమర్చిన 454లో అత్యంత బలమైన రకానికి కంపెనీవారు ప్రకటించిన టార్కు 500 పౌండు అడుగులు. క్రాంకు షాఫ్టుకు మీటరు పొడవు కడ్డీ బిగించి, దాని కొసన 69 కిలోల బరువు వేలాడదీసినా ఇంజను దానిని ఎత్తుతుందని అర్థం. అంబాసిడర్ పెట్రోలు ఇంజను ఎత్తగలిగినది పది, పదకొండు కిలోలు. అశ్వబలం వేరు, అది ఈ మెలి ఎంత వేగంగా జరుగుతున్నదో చెప్పే లెక్క. కారు అమ్మేవాడు అశ్వబలం చెబుతాడు. కొండ ఎక్కేవాడికి కావలసినది టార్కు. ప్రకటనలలో మొదటిదే పెద్ద అక్షరాలలో కనిపించడంలో వింత లేదు.

ఇట్టి ఇంజనును కట్టడమంటే భాగాలు తెచ్చి బిగించడం కాదు, కొలవడం. ముందు దిమ్మెను మందునీళ్లలో ఉడకబెట్టి, తుప్పు వదిలించి, పగుళ్లకై పరీక్షిస్తారు. తరువాత బోరు. సిలిండరు ఎన్నడూ గుండ్రంగా అరగదు; పిస్టను ఒరిగే పక్క ఎక్కువగా, పైభాగాన మరింత ఎక్కువగా అరుగుతుంది. కనుక దానిని మరికొంత పెద్దగా తొలిచి, లోపలి గోడ మీద సన్నని అడ్డుగీతలు పడేటట్లు సానరాతితో రుద్దుతారు. ఆ గీతలే నూనెను నిలుపుతాయి. అద్దంలా మెరిసే సిలిండరును చూసి అజ్ఞాని సంతోషిస్తాడు, మేస్త్రీ పెదవి విరుస్తాడు. క్రాంకు షాఫ్టుకూ బేరింగుకూ మధ్య ఉండవలసిన సందుకు పాత పనివారి సూత్రం ఒకటున్నది: షాఫ్టు వ్యాసం ప్రతి అంగుళానికి అంగుళంలో వెయ్యవ వంతు. పెద్ద దిమ్మె షాఫ్టు రెండుముప్పావు అంగుళాలు. అనగా సందు వెయ్యింట రెండుముప్పావు వంతులు, తలవెంట్రుక మందం పాటి. అంతకు తగ్గితే షాఫ్టు పట్టివేస్తుంది; పెరిగితే నూనె ఒత్తిడి పడిపోతుంది. 7.4 లీటర్ల రాక్షసుడి ప్రాణం ఆ వెంట్రుక మందపు నూనె పొర మీద తేలుతూ ఉంటుంది.

అమెరికాలో ఆ రాక్షసుల వైభవం ఎంతోకాలం సాగలేదు. 1971 నుండి సీసం లేని పెట్రోలుకు అనుకూలంగా ఇంజనుల ఒత్తిడి నిష్పత్తి తగ్గించారు. 1973లో అరబ్బు దేశాలు చమురు బిగించాయి. లీటరుకు నాలుగైదు కిలోమీటర్లు నడిచే బండ్లు ఇంటి ముందు బరువయ్యాయి.

భారతదేశంలో కథ తలకిందులుగా నడిచింది. ఇక్కడ శరీరం పెద్దది, గుండె చిన్నది. 1984లో హిందుస్థాన్ మోటార్స్ వారు కాంటెస్సా కారును విడుదల చేశారు. ఇంగ్లండులో వాక్స్‌హాల్ కంపెనీ ఆ శరీరానికి 2.3 లీటర్ల ఇంజను సైతం పెట్టింది. ఇక్కడ మాత్రం అంబాసిడర్‌లోని 1489 ఇంజనునే మోయమన్నారు. చూపులకు పులి, పరుగుకు ఎద్దు. జపాను ఇసుజు కంపెనీ నమూనాలో 1817 ఘనపు సెంటీమీటర్ల ఇంజను వచ్చిన తరువాతనే కాంటెస్సాకు రూపానికి తగిన ఊపు లభించింది. అదే ఇంజనును 1992లో అంబాసిడర్‌కూ అమర్చారు, ఐదు గేర్లతో. ఏడున్నర లీటర్లు కాదు, పెరిగినది లీటరులో మూడవ వంతు మాత్రమే. అయినా ఆ బండిని నడిపినవారికి అది మరొక బండిగా తోచింది. 2002లో కాంటెస్సా, 2014 మే నెలలో అంబాసిడర్ తయారీ నిలిచిపోయాయి.

రంగత్ గృహస్థు తన కోరికను అనుభవజ్ఞుడైన మేస్త్రీ ముందు పెడితే వచ్చే మొదటి మాట ఊహించడం కష్టం కాదు: “ఇంజిను సంగతి తరవాత సూద్దాం బాబూ, ముందు బండి ఆగడం మాట సెప్పండి.” పెద్ద దిమ్మె ఒక్కటే మూడువందల కిలోల పైమాట. అంబాసిడర్‌కు లారీ వలె విడిగా ఛాసిస్ లేదు. రేకు శరీరమే దాని ఎముకలగూడు. ముందు చక్రాలను మోసే టార్షను బార్లు చిన్న ఇంజను బరువుకు లెక్క కట్టినవి. పాత బండ్లకు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. అరవైతొమ్మిది కిలోల మెలి తగిలితే ముందు క్లచ్చి, తరువాత గేరుపెట్టె, చివరకు వెనుక ఇరుసు వరుసగా లొంగిపోతాయి. అవన్నీ మార్చితే మిగిలేది తండ్రి ఇచ్చిన బండి కాదు, దాని ముఖవాడ. చట్టం కూడ ఒప్పదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని నిషేధిస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని గట్టిగా చెప్పింది.

ఇంతకూ ఆ బలాన్ని వెచ్చించే చోటేది? జిర్కాటాంగ్ నుండి మిడిల్ స్ట్రెయిట్ వరకు సుమారు 50 కిలోమీటర్ల మేర రోడ్డు జారవా ఆదిమవాసుల అభయారణ్యం గుండా పోతుంది. అక్కడ వాహనాలు బారుగా, కాన్వాయిగా సాగాలి, గంటకు 40 కిలోమీటర్లు మించరాదు, ముందుబండిని దాటరాదు. అండమాన్ అడవులలో పూర్వం దుంగలు లాగిన ఏనుగులు కూడ పరుగుకు పేరుపడలేదు. బురదలో కాలు నిలదొక్కుకొని, మెల్లగా, తెంపు లేకుండ లాగడమే వాటి విద్య. ఈ రోడ్డు మీద బస్సులకూ లారీలకూ ఉన్న డీజిలు ఇంజనుల విద్యా అదే. బిగ్ బ్లాకుకు నిజమైన చుట్టం రంగత్‌లో ఎవరైనా ఉంటే, అది ఆ డీజిలే.

కాగా మేస్త్రీ చేయగలిగిన ఉపకారం ఒకటున్నది, అది చిన్నదేమీ కాదు. ఉన్న 1489 ఇంజనునే విప్పి, పెద్ద దిమ్మెకు చూపేటంత శ్రద్ధను దానికి చూపడం. నలభై థౌ పెద్ద పిస్టనులు వేసి రీబోరు చేస్తే లెక్కకు 1531 ఘనపు సెంటీమీటర్లవుతుంది. పెరిగిన నలభైరెండు సెంటీమీటర్ల వల్ల కొండలు కదలవు. కాని ఒత్తిడి కారిపోయిన పాత సిలిండర్ల స్థానంలో గట్టివి వచ్చినందువల్ల పోయిన బలమంతా తిరిగి వస్తుంది. వాల్వులను వాటి గద్దెలపై నూరి కూర్చోబెట్టాలి. రేడియేటరు గొట్టాలను శుభ్రం చేయాలి; ఏడాదికి సుమారు 3000 మిల్లీమీటర్ల వాన, ఉప్పుగాలి కలిసి తుప్పును పెంచే ఈ దీవిలో ఇంజను చావు తరచు నీటి దారిలోనే మొదలవుతుంది. హెడ్డు నట్లను నడిమి నుండి అంచులకు, మూడు విడతలుగా, టార్కు రెంచితో బిగించాలి. చేతి అంచనాతో బిగించే మేస్త్రీలు ఎందరో ఉన్నారు, వారి గాస్కెట్లు కాలిపోవడమూ ఉన్నది.

కొత్తగా కట్టిన ఇంజనుకు మొదటి వెయ్యి కిలోమీటర్లు వేగం పనికిరాదు. రింగులు గోడలతో మెల్లగా సర్దుకోవాలి. రంగత్ నుండి రాజధానికి మూడుసార్లు పోయి వస్తే 1020 కిలోమీటర్లు. జారవా అడవిలో తొందరపడనివ్వని కాన్వాయి ఉండనే ఉన్నది. మూడవసారి ఇల్లు చేరినాక నూనె మార్చి, వాల్వుల సందు సరిచూసి, హెడ్డు నట్లు మరొకసారి బిగిస్తే చాలు.