కట్టు విప్పాక అడగాల్సిన మాట

తమిళనాడులో ఏ మూలకు పోయినా ‘పుత్తూరు కట్టు’ బోర్డు కనిపిస్తుంది. తిరుపతి దగ్గరి పుత్తూరులో పుట్టిన వైద్యం అది. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు. మదురై పక్కన మేలూరులో నా దగ్గర వైద్యానికొచ్చే తెలుగిళ్ల పెద్దవాళ్లు చెయ్యి విరిగితే ముందు అటే పోతారు. నాయకరాజుల కాలంలో ఈ నేలకొచ్చిన కుటుంబాలవి. పుత్తూరు ఎన్నడూ చూడకపోయినా “అది మన కట్టు సామీ” అంటారు. ఎముక సరిగ్గా కూర్చుందో లేదో ఎక్స్‌రే లేకుండా తెలియదని చెబుతూనే ఉంటాను. అయినా నా అసలు దిగులు అది కాదు. పసరు కట్టయినా పిండికట్టయినా, అతికించి ఇంటికి పంపేస్తారు. ఎందుకు విరిగిందని అడిగే దిక్కుండదు.

అరవై దాటిన ఒకావిడ వాకిలి కడుగుతూ జారి చెయ్యి ఆనించింది. మణికట్టు విరిగింది. నిలబడ్డ ఎత్తు నుంచి పడినంత మాత్రాన గట్టి ఎముక విరగదు, బోలు ఎముకల పరీక్ష చేయించుకోమన్నాను. “చెయ్యి కూడుకొనింది గదా సామీ, ఇంకేమిటికి? వయసైతే విరగదా?” అని లేచిపోయింది. రెండేళ్లకు తుంటి విరిగింది. తుంటి విరిగిన పెద్దవాళ్లలో సుమారు ఐదుగురికి ఒకరు ఏడాదిలోపే పోతారు. ఈమె బతికింది, వాకరుతో.

ఇంకొక అవ్వ నడుంనొప్పని వచ్చింది. పడిందీ లేదు, దెబ్బ తగిలిందీ లేదు. బిందె ఎత్తితే కలుక్కుమందట, అంతే. పక్కనున్న కోడలు మాత్రం వేరే సంగతి చెప్పింది: “మా అత్త చీర నేలకు ఈడుస్తా ఉంది, ఎంత ఎగదోపినా మళ్లీ అంతే.” చీర పొడుగవుతుందా? మనిషే కుదించుకుపోయింది. ఎక్స్‌రేలో మూడు వెన్నుపూసలు ముందువైపు నలిగి ఉన్నాయి. ఇట్లా విరిగిన వెన్నుపూసల్లో సగానికి పైగా ఎవరి కంటా పడవు.

ఎముక లోపల పాతది కరుగుతూ, కొత్తది కట్టుకుంటూ ఉంటుంది. ముప్పై ఏళ్ల దాకా కట్టుబడే ఎక్కువ. ముట్లు ఆగాక ఈస్ట్రోజెన్ తగ్గి, కరుగుబాటు పైచేయి అవుతుంది. పైకి నిగనిగలాడుతూ లోపల చెదలు తిన్న దూలంలా ఉంటుంది ఎముక. గర్భసంచితో పాటు అండాశయాలూ చిన్న వయసులోనే తీయించుకున్నవాళ్లకు ఇది ఇంకా ముందే వస్తుంది. మగవాళ్లకు రాదనుకోవద్దు. ఉబ్బసానికని ఏళ్ల తరబడి చీటీ లేకుండా స్టెరాయిడ్ మాత్రలు కొనుక్కొని మింగి, ఎముకలు గుల్లబారినవాళ్లను చాలామందిని చూశాను. డెక్సా అనే ఎముక సాంద్రత పరీక్షలో టి-స్కోరు మైనస్ 2.5 గానీ అంతకు తక్కువ గానీ వస్తే బోలు ఎముకలన్నట్టే.

తిండి సంగతికొస్తే, 1895లో పెరియారు ఆనకట్ట కట్టాక మేలూరు వరి నేలయింది. సంకటి పోయి అన్నం వచ్చింది. వంద గ్రాముల రాగుల్లో కాల్షియం సుమారు 350 మిల్లీగ్రాములు, బియ్యంలో పదికి లోపే. ముట్లు ఆగిన ఆడవాళ్లకు రోజుకు కావలసింది 1200. రాగులు, మునగాకు, నువ్వులు, పెరుగు మళ్లీ కంచంలోకి రావాలి. ఇంత ఎండలో విటమిన్ డి లోటేమిటని నవ్వుతారు గానీ, తిరుపతి స్విమ్స్ వైద్యులు 2007లో అచ్చువేసిన పరిశోధనలో ఆరోగ్యంగా తిరిగే దక్షిణాది మనుషుల్లోనే ఆ లోటు విస్తారంగా కనబడింది. తిండిలో కాల్షియమూ తక్కువే.

బోలు ఎముకలకు వారానికొక మాత్ర రాసిస్తే మా దగ్గర ఒక చిక్కుంది. పరగడుపున నిండు గ్లాసు మంచినీళ్లతో మింగి, అరగంట దాకా పడుకోకూడదు, కాఫీ కూడా తాగకూడదు. లేకుంటే గొంతు, గుండెల్లో మంట. అందుకే శనివారం వేసుకోమంటాను. పెరుమాళ్ల గుడికి పోయే రోజు ఎటూ ఏమీ తినరు, కూర్చోరు. ఈ ఏర్పాటు ఏ పుస్తకంలోనూ లేదు, కానీ పనిచేస్తోంది.

పడకుండా చూసుకోవడం మందుకంటే తక్కువది కాదు. గడప దగ్గర దీపం, స్నానాలగదిలో పట్టుకోను కమ్మీ, ముసరిన కంటికి శుక్లం ఆపరేషన్. 1976లో డాక్టర్ జి. వెంకటస్వామి పదకొండు పడకలతో మొదలుపెట్టిన అరవింద్ కంటి ఆసుపత్రి పక్కనే మదురైలో ఉంది.

మీ ఇంట్లో యాభై దాటినవాళ్లెవరికైనా చిన్న పాటుకే ఎముక విరిగి ఉంటే, కట్టు విప్పిన రోజే డాక్టరును అడగండి: అతికింది సరే, రెండోది విరగకుండా ఏం చేద్దాం?